బొజ్జన్న మనవడు

గువ్వలచెరువు ఘాటులో బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే ప్రేమమ్మ కొండల్ని చూడలేదు. కిటికీ పక్కన కూర్చున్న మొగుడి మెడ కింద గుంటనే చూస్తూ కూర్చుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ గుంట లోపలికి పోతుంది. అది ఎంత లోతుకు పోతే ఆ పూట అంత కష్టం. సర్కారు ఆస్పత్రిలో ఆయాగా జీవితమంతా ఊడ్చి, తుడిచి, రోగుల్ని ఎత్తి పడుకోబెట్టి రిటైరైన మనిషి ఆమె. ఆస్పత్రి ఆమెకు ఇచ్చింది రెండే: కాస్త పింఛను, ఆ గుంటను చూసే కన్ను.

గాబ్రియేలుకు పింఛనూ లేదు, పాడూ లేదు. బేతంచెర్లలో నాపబండలకు పాలిష్ పట్టి పట్టి, వాటి పొడి మింగి మింగి రొమ్ము పాడుచేసుకున్నాడు. "ఇంక ఆ దుమ్ములో ఉంటే నేను చేసేదేమీ లేదు పెద్దాయనా. ఎండ తక్కువుండే చోటికి పోయి బతుకు" అన్నాడు డాక్టరు, అంగడికి పోయి బెల్లం తెచ్చుకో అన్నంత సులువుగా. పిల్లాజెల్లా లేని ముసలివాళ్ళు, ఉన్న ఊరు విడిచి ఎక్కడికని పోతారు? మదనపల్లె చల్లని ఊరే, కాని అక్కడి బాడుగలు వింటేనే ఒళ్ళు చల్లబడింది. దానికి ఇవతల రాయచోటి. కడపలాగా మండదు, పొద్దుగూకితే కొండల మీంచి గాలి దిగుతుంది, బండల ఫ్యాక్టరీ ఒక్కటి కూడా లేదు అని తెలిసినవాళ్ళు చెప్పారు. ఎండలు ముదిరేలోగా ఇల్లు చూసుకోవాలని బయల్దేరారు.

ఘాటు దాటాక గాలి మారింది. గాబ్రియేలు కిటికీ ఊచ పట్టుకుని మొహం బయటికి పెట్టాడు.

"ప్రేమా, ఈ గాలి చూడు" అన్నాడు.

"చూసేదేముంది, పీల్చుకో" అంది ప్రేమమ్మ. ఎన్నాళ్ళకో ఆమెకు నవ్వొచ్చింది.

ముందుగా చూసింది కిరాణా వ్యాపారి నాగసుబ్బయ్య ఇల్లు. అంగడి వెనకే రెండు గదులు, కొళాయి, మెట్లెక్కే పనిలేదు. నాగసుబ్బయ్య మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, కూజా నీళ్ళు ఇప్పించాడు. గాబ్రియేలు దగ్గు చూసి అయ్యో అన్నాడు. అంతా అయ్యాక, వక్క కొరుకుతూ, ఏమీ కానట్టు అడిగాడు.

"ఇంతకీ మీరేమోళ్ళప్పా?"

"క్రైస్తవులమన్నా" అన్నాడు గాబ్రియేలు.

"శానా మంచి మతమప్పా. మా పిల్లోళ్ళు చదివిందంతా మీ మిషను బళ్ళోనే" అన్నాడు నాగసుబ్బయ్య. ఆ వెంటనే ఆయనకు ఈ ఇల్లు ఇంకెవరికో మాటిచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. "ఆ గ్లాసులు ఆడనే పెట్టండమ్మా, పనామె తీసుకుంటాది" అని ఎంతో ఆప్యాయంగా సాగనంపాడు.

ఆ వీధి, ఈ వీధి తిరిగారు. ఒకచోట ముసలమ్మకు నీచువాసన పడదన్నారు, ఇంకొకచోట ఇంటికి సున్నం కొట్టాలన్నారు. ప్రేమమ్మకు అరికాళ్ళు మండాయి, కడుపు కూడా మండింది.

"ఈళ్ళ కాళ్ళు పట్టుకునే కర్మ మనకేంది? మనోళ్ళుండే తావే చూద్దాం పా" అంది. ఎవర్నో అడిగితే బంగళా వీధి చూపించారు.

పేరుకు తగ్గట్టు ఆ వీధి చివర దొరలు కట్టిన పాత బంగళా ఉంది. దాని పక్కనే ఏసు గుడి, గుడి చుట్టూ వేపచెట్లు, వెనక సమాధుల తోట. ఇంటింటి గడప మీదా వాక్యం రాసి ఉంది. విశ్వాసమ్మ అనే విధవరాలు తన ఇంటి పక్క పోర్షను బాడుగకు ఇస్తుందన్నారు. ఆమె మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆ గుడికి సంఘపెద్ద.

"వందనాలక్కా" అంటూ ఎదురొచ్చింది విశ్వాసమ్మ.

"వందనాలు తల్లీ" అంది ప్రేమమ్మ. ఆ ఒక్క మాటతో ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇంక ఎవరేమోళ్ళని అడిగే పనేముంది? విశ్వాసమ్మ కూడా అడగలేదు. పేరు గాబ్రియేలు, పెళ్ళాం పేరు ప్రేమమ్మ, చేతిలో బైబిలు సంచి. అన్నం తినే వేళ కదా అని సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పెట్టి, తనూ వాళ్ళతోపాటే కూర్చుని తింది. ఆమె కూతురు వడ్డించింది.

తిన్నాక ప్రేమమ్మ ఇంట్లో పొయ్యి తావూ చూడలేదు, దొడ్డీ చూడలేదు. సమాధుల తోట చూపించమంది. పిల్లల్లేనివాళ్ళకు ఇల్లంటే ముందు అదే. ఎవరు ముందు పోయినా రెండోవాళ్ళు ఎవరి గడప ముందూ చేతులు కట్టుకుని నిలబడకూడదని ఆమె పట్టుదల.

"సంఘంలో చేరితే తావుకేమక్కా, మన తోటే గదా" అంది విశ్వాసమ్మ.

గాబ్రియేలు ఒక సమాధి దగ్గర గొంతుక్కూర్చుని బండ అంచు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపాడు. పాలిష్ రాయి ఒరిసి ఒరిసి ఆ వేలికి గీతలు అరిగిపోయి చాలా ఏండ్లయింది. "ఇది మా ఊరి బండే" అన్నాడు, చుట్టాన్ని చూసినట్టు సంతోషపడుతూ.

ఆ వారంలోనే సామాను తెచ్చుకున్నారు. చేరిన మొదటి మధ్యాహ్నం గాబ్రియేలు చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. రెండేండ్లుగా గోడకు పరుపు చుట్ట ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్న మనిషి. ప్రేమమ్మ బియ్యం ఏరడం ఆపి, చేట ఒళ్ళో పెట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. వేపగాలి వస్తోంది. మెడ కింద గుంట కదిలీ కదలనట్టు ఉంది. దేవా, ఈ మనిషిని నాకు ఇంకో నాలుగేండ్లు ఉంచు, ఇంకేమీ అడగను అనుకుంది. కండ్లు తుడుచుకుని మళ్ళీ రాళ్ళేరింది.

కొత్తగా సంఘంలో చేరేవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తమను ఎట్లా పిలిచాడో, ఎక్కడినుంచి ఎక్కడికి తెచ్చాడో అందరి ముందూ చెప్పుకోవాలి. గాబ్రియేలుకు అదొక పండగ. మాటల్ని ఊపిరి చూసుకుని ఖర్చుపెట్టే మనిషి, శనివారమంతా మాట్లాడకుండా దాచుకున్నాడు. ఆదివారం ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ముందు వరుస బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"దేవుని నామానికి స్తోత్రం. మా తాత పేరు బొజ్జన్న. ఊళ్ళో తప్పెట కొట్టేవాడు. పీనుగ లేస్తే తప్పెట, దేవర చేస్తే తప్పెట, రెడ్డికి కొడుకు పుడితే తప్పెట. కూలి ఏమంటే, చచ్చిన గొడ్డు. అట్లాంటోడు బాప్తిస్మం తీసుకున్నాడు. మర్నాడే పెద్దరెడ్డి తల్లి చచ్చిపోయింది. రారా బొజ్జా అని మనిషినంపినారు. మా తాత పోలే. నా చేతులు దేవునికిచ్చేసినా, ఇంగ పీనుగల ముందర కొట్టవు అన్నాడు. చావిడి రాతికంబానికి కట్టేసి కొట్టినారు."

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ప్రేమమ్మకు ఆ ఆగేచోటు కూడా తెలుసు. బేతంచెర్లలో అయితే ఇక్కడ ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. పిల్లలు "తర్వాత, తాతా?" అంటారు, వందసార్లు విన్నదే అయినా.

"ఇంటికొచ్చి తప్పెట చర్మం కోసి పారేసినాడు. ఆ చట్రానికి ఈతాకు అల్లి గంప చేసి గుళ్ళో పెట్టినాడు. ఆ పొద్దు నుంచి మా ఆడోళ్ళు ఆదివారం పిడికెడు బియ్యం ఏసేది దాంట్లోనే. ఈ పొద్దుకూ దాంట్లోనే. అదీ నా సాక్ష్యం."

చెప్పి, మొహమంతా నవ్వుతో నిలబడ్డాడు. హల్లెలూయ రాలేదు. స్తోత్రం రాలేదు. తలకాయలపైన ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప గుళ్ళో ఏమీ లేదు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ప్రార్థన చేద్దాం" అన్నాడు.

అది నెలలో మొదటి ఆదివారం. ప్రార్థన కాగానే ప్రభువు బల్ల. రొట్టె ముక్క, ఒకే గిన్నెలో ద్రాక్షరసం, అందరూ వరసగా మోకరించి అందుకోవాలి. కొత్తవాళ్ళని ముందుగా పిలిచారు. గాబ్రియేలు తాగాడు, ప్రేమమ్మ తాగింది. లేచి వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళ వెనక వరసే లేదు. ఒకామెకు బిడ్డ ఏడుస్తున్నాడు, బయటికి పోయింది. ఒకాయన కీర్తనల పుస్తకంలో ఏదో వెతుకుతున్నాడు. చిన్నప్పటి నుంచీ అదే గిన్నెలో తాగుతున్న గుడికి ఆ పూట దాహమే వేయలేదు. విశ్వాసమ్మ తల వంచుకుని కూర్చుంది. పక్కన లేవబోయిన కూతురి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అప్పుడు తెలిసింది ప్రేమమ్మకు. బంగళా వీధి అంతా మాలవాళ్ళు. దొరల కాలంలో మాలగేరి ఒక గుడికి పోయింది, మాదిగగేరి ఇంకో గుడికి పోయింది. బేతంచెర్లలో వాళ్ళ గుడినిండా మాదిగవాళ్ళే కాబట్టి, ఏసు రక్తంలో అందరూ ఒక్కటే అని పాడుకోవడానికి ఏనాడూ ఇబ్బంది కలగలేదు. ఇంత వయసొచ్చి, ఇన్ని వార్డుల్లో పనిచేసి, 'వందనాలు' అనే మాటను నమ్ముకుని వచ్చింది తను. తన బుద్ధికి తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

సోమవారం పొద్దున్నే విశ్వాసమ్మ వచ్చింది. మునుపు నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, గడప బయటే నిలబడింది.

"అక్కా, మా పెద్దోడు కువైట్ నుంచి వస్తాండాడంట. ఇల్లు కావల్లంటాండాడు."

"నిన్ననే చెప్పినాడా?" అంది ప్రేమమ్మ.

విశ్వాసమ్మ కొంగు చివర వేలికి చుట్టింది, విప్పింది. "నా మాట కాదక్కా. బిడ్డ పెండ్లి కావల్ల. నలుగురిలో ఉండేదాన్ని. నాకు తెలీదా ఆ బాధ? నా చిన్నప్పుడు అంగట్లో బెల్లం కావల్లంటే దుడ్లు నేలమీద పెట్టి దూరంగా నిలబడమనేవాళ్ళు."

"తెలిసే చేస్తాండావు గదా తల్లీ. తెలీకుంటే అయ్యో పాపం అనుకుందును."

విశ్వాసమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. ఏడుస్తూనే, ఈ వారంలో ఖాళీ చేస్తే చాలంది.

గాబ్రియేలు అంతా విన్నాడు. గోడకు పరుపు చుట్ట ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. "బేతంచెర్లకే పోదాం పా ప్రేమా" అన్నాడు.

"పోతే ఈ ఎండాకాలం దాటవు."

"దాటి ఏం చేయల్ల?"

"నాకు తోడుండల్ల" అంది ప్రేమమ్మ. కోపంగానే అంది.

ఆమె ఒక్కతే బయల్దేరింది. ఊరి బయట తమ మాదిగవాళ్ళ కాలనీ ఉందని తెలిసి ముందు అక్కడికే పోయింది. మంచివాళ్ళే, కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు, ఇల్లు కూడా చూపించారు. కాని కాలనీ పక్కనే కంకర మిల్లు. గడపలు తెల్లగా, తులసిచెట్టు తెల్లగా, ఆడుకునే పిల్లల కనురెప్పలు తెల్లగా ఉన్నాయి. మజ్జిగ మీద కూడా సన్నగా పొడి తేలింది. ఊళ్ళు ఎక్కడైనా తమవాళ్ళకు ఇచ్చే తావు ఇట్లాంటిదే అనుకుంది. దండం పెట్టి లేచి వచ్చేసింది.

ఆ తర్వాత చూసిన తావు మదనపల్లె రోడ్డులో, కొండ వాలులో కొత్తగా లేచిన కాలనీ. బంగళా వీధి గుడిలో సంఘపెద్దల ఎన్నికల్లో కొట్లాడుకుని విడిపోయినవాళ్ళు అక్కడ రేకుల షెడ్డులో వేరే ప్రార్థన పెట్టుకున్నారు. పాస్టరు జయపాల్ కుర్రవాడు. అతని భార్య కృపమణి గలగలా మాట్లాడే పిల్ల. వాళ్ళ ఇంటికి ఆనుకునే ఒక గది, వంటిల్లు ఖాళీగా ఉన్నాయి. పాతగుడివాళ్ళతో మాటలు లేవు కాబట్టి ఏ సంగతీ ఇక్కడికి చేరలేదు. ఈసారి ప్రేమమ్మ గాలి చూడలేదు, నీళ్ళు చూడలేదు. ఎవరెవరు ఏ పేట నుంచి వచ్చినవాళ్ళో ముందు అది విచారించుకుంది. అందరూ బంగళా వీధి బంధువులే.

"ఆదివారం సాక్ష్యం చెప్పండి పెద్దమ్మా, సంఘం కూడా సంతోషపడుతుంది. ఆ పొద్దే పాలు కాచుకుని ఇంట్లో చేరండి" అంది కృపమణి.

ఆదివారం పొద్దున గాబ్రియేలు చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే ప్రేమమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. పై బొత్తం తనే పెట్టింది.

"తప్పెట మాట ఎత్తొద్దు" అంది.

"అది తీసేస్తే నా సాక్ష్యంలో ఏముండాది ప్రేమా?"

"నీ ఊపిరుంటాది."

షెడ్డులో చాపల మీద కూర్చున్నారు అందరూ. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. కొండగాలి రేకుల కిందినుంచి దూరి చాపల అంచుల్ని లేపుతోంది. జయపాల్ పిలిచాడు. గాబ్రియేలు లేచి నిలబడ్డాడు. పట్టుకోవడానికి బల్ల లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"దేవుని నామానికి స్తోత్రం. మా తాత పేరు బొజ్జన్న. మా తాత..."

ఆగిపోయాడు. అది ఆగే చోటు కాదు. జనం ఎదురుచూశారు. దగ్గు వస్తుందేమోనని కృపమణి చెంబుతో నీళ్ళు పట్టుకుని లేచింది. దగ్గు రాలేదు. గాబ్రియేలు నోరు తెరుచుకునే ఉంది, మాటే లేదు. ఇంకొక్క క్షణం ఆగితే తప్పెట అనేస్తాడని ప్రేమమ్మకు అర్థమైంది. లేచి నిలబడింది.

"ఆయన ఊపిరి అందక చెప్పలేకపోతాండాడు, నేను చెప్తా. ఆ తాత మగ్గం నేసేవాడు. ముతక పంచెలు. సంత ఆదివారం పొద్దు. బాప్తిస్మం తీసుకున్నాక, దేవుని దినాన సంతకు పోనని మొండికేసినాడు. నేసిన బట్ట ఇంట్లోనే మూలిగింది. పిల్లోళ్ళు పస్తున్నారు. అయినా పోలేదు. ఆ బట్టనే గుళ్ళో బల్లమీద పరిచినాడు. అదీ మా సాక్ష్యం."

"హల్లెలూయ" అంది షెడ్డు మొత్తం. మగ్గం అంటే తమ తాతల పనే. ఆడవాళ్ళు కండ్లు ఒత్తుకున్నారు. ఒక ముసలాయన పెద్దగా, "మా జేజినాయనదీ మగ్గమే, నాయనా" అన్నాడు. గాబ్రియేలు మెల్లగా చాప మీద కూర్చున్నాడు. ప్రేమమ్మ అతని వైపు చూసే ధైర్యం చేయలేదు. ఇంత అందంగా అల్లగలనని ఆమెకే తెలియదు.

కృపమణి వచ్చి వాటేసుకుంది. ఆ మధ్యాహ్నం జయపాల్ ఇంట్లోనే భోజనాలు. ఒకే గిన్నెలోంచి అందరికీ వడ్డించారు. మగ్గం ముసలాయన గాబ్రియేలు పక్కనే చేరి కూర్చుని, చేత్తో అతని విస్తట్లో ఒక ఎముక ముక్క వేశాడు.

"మీ జేజినాయన ఏ సంతకు పోయేవాడప్పా?" అని అడిగాడు.

ప్రేమమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పాణ్యం సంతకు" అన్నాడు గాబ్రియేలు. "పంచెలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని నడిచి పోయేవాడు." తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటూనే చెప్పాడు. తర్వాత ముసలాయన అడిగినవాటన్నిటికీ జవాబులు చెప్పాడు.

తిన్నాక కృపమణి గది తాళం తీసిచ్చి, వాకిట్లో మంచం వేసి పోయింది. కొండ మీంచి గాలి దిగుతోంది. గాబ్రియేలు వెల్లకిలా పడుకున్నాడు. ప్రేమమ్మ మంచం పట్టె మీద కూర్చుని గుంట చూసింది. బాగుంది. ఇన్నేండ్లలో ఇంత బాగా ఎప్పుడూ లేదు.

"ప్రేమా" అన్నాడు, ఆకాశం వైపే చూస్తూ. "నేను పోతే నన్ను బేతంచెర్లకు తీసకపో. మా తాత పక్కన తావుండాది."

"ఇప్పుడేంటికి ఆ మాట?"

"ఈడ పూడ్చితే మా తాత నన్ను యాడని ఎతుకుతాడు? అది ఒక్కటి చెయ్యి. ఇంగేమీ అడగను."

ప్రేమమ్మ ఆ ప్రయాణాన్ని మొదటి నుంచి లెక్కేసుకుంది. శవాన్ని వ్యానులో ఎక్కిస్తే జయపాల్ వస్తాడు, కృపమణి వస్తుంది. మంచివాళ్ళు, ఒంటరిగా పంపరు. మగ్గం ముసలాయన కూడా కర్ర పట్టుకుని ఎక్కుతాడు. బేతంచెర్ల గుడిలో కూర్చోబెట్టి, బొజ్జన్న మనవడు అని మొదలుపెట్టి అక్కడివాళ్ళు అంతా చెప్తారు, ఈతాకు గంప తెచ్చి చూపిస్తారు. ఆ తర్వాత ఆమె ఏ వ్యానెక్కి ఏ ఇంటికి రావాలి? ఈ మనిషి పోయాక బతకాల్సింది తనే. ఒక్కతే, ఈ గదిలో, ఈ మనుషుల మధ్య.

గాబ్రియేలు తల తిప్పి ఆమె వైపు చూశాడు. షెడ్డులో సాక్ష్యం అయ్యాక ఆమె మొహం చూడటం అదే మొదలు.

"అట్లే లే. తీసకపోతా" అంది ప్రేమమ్మ.

అతను నమ్మాడు. కండ్లు మూసుకుని, చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టి నిద్రపోయాడు. ఆ దినం ఆమె ఆడిన రెండో అబద్ధం అది. మొదటిదానికి లేచి నిలబడాల్సి వచ్చింది, దీనికి అది కూడా అక్కర్లేకపోయింది.